మా కచేరీని నిలబెట్టిన సహోద్యోగులకు కృతజ్ఞతలు

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి ఆరాధన సందర్భంగా మా పేట రామాలయంలో మా నలుగురి బృందం చేసిన నలభై నిమిషాల కచేరీ ఆగిపోకుండా జరిగిందంటే, అది మా ఆఫీసులోని ముగ్గురు సహోద్యోగుల పుణ్యమే. వారికి ముఖతా చెప్పినది చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

నేను మృదంగం వాయిస్తానన్న సంగతి ఆఫీసులో ఏ ఒకరిద్దరికో తెలుసు. ఎవరైనా అడిగితే "ఏదో ఆదివారం కాలక్షేపమండీ" అని మాట మార్చేవాణ్ణి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యులను తీర్చిదిద్దిన, దండమూడి రామమోహనరావు గారు మృదంగం వాయించిన విజయవాడలో ఉంటూ, వారానికొక పూట సాధన చేసే నావంటివాడికి నేనూ వాద్యకారుణ్ణేనని చెప్పుకోవడానికి నోరు రాదు. అందులో వినయం పాలెంతో, వచ్చి విన్నవారు ఏమంటారోనన్న భయం పాలెంతో నాకే సరిగా తెలియదు.

కచేరీ మూడు రోజులుందనగా మా గాయకుడి గొంతు పూర్తిగా పోయింది. భోజనాల వేళ ఆ దిగులు పైకి అనేశాను. ఆరేళ్లుగా నా ఎదుటి బల్ల దగ్గరే కూర్చుంటున్న అకౌంట్స్ మేడం గారు, "పంచరత్నాల దాకా నేర్చుకున్నానండీ, పెళ్లయ్యాక వదిలేశాను, పనికొస్తుందనుకుంటే పాడతాను" అన్నారు. ఇన్నేళ్లలో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయితే మా గాయకుడిది ఒకటో శ్రుతి, ఆవిడది ఐదున్నర, అంటే పాటకు ఆధారమైన స్వరం బాగా హెచ్చులో ఉంటుంది. వయొలిన్‌కైతే తంత్రులు మార్చుకోవచ్చు. మృదంగం అలా కాదు. రాయితో, పుల్లతో అంచు కొట్టి శ్రుతిని కొంతవరకు పెంచవచ్చుగాని, హద్దు మీరి బిగిస్తే తోలు మూత చిరుగుతుంది. ఐదున్నరకు హెచ్చు శ్రుతి మృదంగమే వేరుగా ఉండాలి. ఈ మాట చెవిన పడిన మా అటెండరు గారు, మృదంగం నేర్చుకుంటున్న తమ అబ్బాయి వాద్యాన్ని మర్నాడు ఉదయమే దుప్పట్లో చుట్టి స్కూటరు మీద తెచ్చి నా బల్ల పక్కన పెట్టారు. మేనేజరు గారు రెండు సాయంత్రాలు భోజనాల గదిని మాకు వదిలిపెట్టడమే కాక, తాళం వేసి వెళ్లడానికి తామే ఎనిమిది గంటల దాకా కూర్చున్నారు.

కచేరీ గొప్పగా జరిగిందని అనను. ఆరభి పంచరత్నంలో నేను ఒక ఆవర్తం (తాళం ఒక పూర్తి చుట్టు) ముందే ముక్తాయించి ముగించబోతే, మేడం గారు తాళం కాస్త పెద్దగా వేసి నన్ను దారిలో పెట్టారు. ఆఫీసు నుంచి పదకొండు మంది వచ్చి ముందు వరుసలో కూర్చోవడం వల్ల నా చేతులు వణికిన మాట కూడా నిజమే.

మేడం గారికి, అటెండరు గారికి, మేనేజరు గారికి, వచ్చి కూర్చున్న అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మృదంగాన్ని సోమవారం తుడిచి అప్పగించాను. ఎడమ మూత మీద నాదం కోసం అంటించే రవ్వ ముద్దను పూర్తిగా గీకలేదని ఆ అబ్బాయి మంగళవారం కబురు పంపాడు. అతనికి మాత్రం కృతజ్ఞతతో పాటు క్షమాపణ కూడా.