ఇంజెక్షన్ బండి మరమ్మతు ఊరి షెడ్డుకూ తెలియాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మోటారు సైకిళ్లలో గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ పోయి, ఆ పనిని కంప్యూటర్‌తో చేయించే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ రావడం వల్ల చిన్న ఊళ్ల మెకానిక్కులకు పని లేకుండా పోయిందని, సామాన్యుడికి ఖర్చు పెరిగిందని, పాత పద్ధతే మేలని ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు ఆవేదనతో రాశారు. ఆయన చెప్పిన బాధ నిజమే. ఆ బాధకు ఆయన చూపిన కారణంతో మాత్రం నేను ఏకీభవించలేను. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించినవాడిగా, కొన్నేళ్లుగా 125 సీసీ ఇంజెక్షన్ బండి నడుపుతున్నవాడిగా నాకు తెలిసింది మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

కార్బురేటర్ గొప్ప పరికరమే, కాదనను. సన్నని గొంతులోంచి గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గి, కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు రంధ్రం గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. బెర్నూలీ సూత్రం చెప్పే రోజున నేను ఒక పాత కార్బురేటర్‌ను తరగతికి తీసుకువెళ్లి పిల్లలతో విప్పించేవాణ్ని. అయితే ఆ రంధ్రం కొలత ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. తెల్లవారుజామున మంచు కురుస్తున్నా, మే నెల మధ్యాహ్నం తారు కరుగుతున్నా రంధ్రం అదే. ఆ తేడాను మనం చోక్ లాగి, స్క్రూ అటూ ఇటూ తిప్పించుకుని సర్దుకునేవాళ్లం. ఇంజెక్షన్ బండిలో ఆ సర్దుబాటును ఒక చిన్న కంప్యూటర్ చేస్తుంది. క్రాంక్ ఎంత వేగంగా తిరుగుతోంది, యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుంది, ఇంజిన్ ఎంత వేడెక్కింది, లోపలికి వస్తున్న గాలి పీడనం ఎంత అన్న సంగతులను సెన్సార్ల ద్వారా తెలుసుకుని, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని ఉండాలో అది ప్రతి విడతా లెక్క కడుతుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో వెంటనే తిరిగి చెబుతుంది.

ఈ ఏర్పాటు కంపెనీలు సరదాకు తెచ్చింది కాదు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సక్రమంగా పనిచేయాలంటే పెట్రోలు ఒక పాలుకు గాలి సుమారు 14.7 పాళ్లు, బరువు లెక్కన, కలవాలి. ఆ నిష్పత్తి కాస్త అటూ ఇటూ జరిగినా కన్వర్టర్ సామర్థ్యం పడిపోతుంది. వాహనాల పొగపై మన దేశంలో విధించిన భారత్ స్టేజ్-6 (బీఎస్-6) ప్రమాణాల ప్రకారం బండి కిలోమీటరుకు 60 మిల్లీగ్రాములకు మించి నైట్రోజన్ ఆక్సైడ్లను వదలకూడదు. ఒకే కొలత రంధ్రంతో నడిచే కార్బురేటర్‌కు, రోడ్డు మీద అన్ని పరిస్థితుల్లోనూ అంత కచ్చితత్వం సాధ్యం కాదు.

ఇది నిన్నమొన్న పుట్టిన పరిజ్ఞానమూ కాదు. జపాన్‌లో కవాసాకీ 1980లోనే తన జెడ్-1000 శ్రేణి బండికి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చింది. 1982లో హోండా సీఎక్స్-500 టర్బో, 1983లో జర్మనీ నుంచి బీఎండబ్ల్యూ కె-100 అదే దారిలో వచ్చాయి. మన దేశానికి ఇది 2006లో హీరో హోండా గ్లామర్‌తో వచ్చింది. మరుసటి ఏడాది బజాజ్ పల్సర్ 220 ఇంజెక్షన్‌తో వచ్చి, 2009లో మళ్లీ కార్బురేటర్‌తో, తక్కువ ధరకు అమ్మకానికి దిగింది. ఈ చరిత్రను ప్రత్యేకంగా గుర్తుచేయడానికి కారణం ఉంది. 2006 నుంచి, బీఎస్-6 అమల్లోకి వచ్చిన 2020 వరకు పద్నాలుగేళ్ల వ్యవధి మన చేతిలో ఉంది. బీఎస్-5ను వదిలి నేరుగా బీఎస్-6కు వెళ్తామని కేంద్రం 2016 జనవరిలోనే ప్రకటించింది. 2020 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్-4 బండ్లు అమ్మరాదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో తేల్చి చెప్పింది. బండ్ల తయారీదారులు ఆ గడువుకు సిద్ధమయ్యారు, చమురు సంస్థలు పెట్రోలులో గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు) నుంచి 10 పీపీఎంకు తగ్గించాయి. ఊరి మెకానిక్‌ను సిద్ధం చేసే ప్రయత్నం మాత్రం మా ఊరి షెడ్డు దాకా రాలేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

నా అనుభవం ఒకటి చెబుతాను. గత డిసెంబరులో నా బండి తెల్లవారుజామున ఎంత ప్రయత్నించినా స్టార్ట్ అయ్యేది కాదు. ఎండెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు నడిచేది. పాతికేళ్లుగా మా బండ్లు చూస్తున్న మెకానిక్ ప్లగ్గు మార్చాడు, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాడు, కొత్త బ్యాటరీ వేయించాడు. నాలుగో రోజున చేతులు తుడుచుకుంటూ, "సార్, ఇది సెన్సార్ బండి, మన చేతుల్లో లేదు, ఆటో ట్రాలీ ఎక్కించి ఖమ్మం పంపుదాం" అన్నాడు. కార్బురేటర్ బండి శబ్దం విని రోగం చెప్పగల మనిషి ఆ మాట అనవలసి రావడం నాకు చాలా కష్టం కలిగించింది.

హైదరాబాదులో సర్వీసు సెంటరులో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థికి ఫోన్ చేస్తే, సీటు కింద ఉండే కనెక్టర్‌లో ఫలానా రెండు తీగలను కలిపి, తాళం తిప్పి, మీటరు మీద ఇంజిన్ దీపం ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెట్టమన్నాడు. ఆ బండిలో పొడవాటి మెరుపు పదికి, పొట్టి మెరుపు ఒకటికి గుర్తట. షెడ్డు ముందు ఇద్దరమూ వంగి కూర్చుని లెక్కపెట్టాం. ఏడు పొట్టి మెరుపులు వచ్చాయి. ఏడు అంటే ఇంజిన్ వేడిని కొలిచే సెన్సార్. దాని కనెక్టర్ ఊడదీసి చూస్తే లోపలి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. వేడి ఎంతో చెప్పే సంకేతం అందక, ఇంజిన్ వేడిగానే ఉందని కంప్యూటర్ అనుకుని, చలిలో కావలసినంత పెట్రోలు ఇవ్వడం లేదన్నమాట. చిలుము గీకి, శుభ్రం చేసి బిగించేసరికి బండి మర్నాడు ఉదయం మొదటి మీటకే స్టార్ట్ అయింది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ప్లగ్గుకూ బ్యాటరీకీ పెట్టింది వృథా. ఆ మెకానిక్‌లో లోపించింది తెలివి కాదు, ఒక్క కాగితం మీద పట్టే సమాచారం.

ఆ సమాచారం నేను కొన్నప్పుడు నాకిచ్చిన యజమాని పుస్తకంలో లేదు. దీపం వెలిగితే అధీకృత సర్వీసు కేంద్రాన్ని సంప్రదించమని మాత్రం అందులో ఉంది. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, లోపాల కోడ్ చదవడానికి ఒక్కో స్కానర్. ఈ పరిస్థితిలో మెకానిక్ అందాజాగా ఒక్కో భాగం మార్చుకుంటూ పోవడం తప్ప ఏం చేయగలడు? కొన్న వస్తువును తనకు నచ్చిన చోట బాగుచేయించుకునే మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించింది. వాహనాలు అందులో ఒక విభాగం. ఆ హక్కు ఇంజిన్ దీపం కోడ్‌ల వరకు, వైరింగ్ పటాల వరకు, అదీ తెలుగులో రావాలని కోరుతున్నాను.

వాహనదారులకు కూడా ఒక మాట. పాత బండిలో రిజర్వు పడేదాకా నడిపే అలవాటు మనకు ఉండేది. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు సాధారణంగా ట్యాంకు లోపలే మునిగి ఉండి, ఆ పెట్రోలుతోనే చల్లబడుతుంది; ట్యాంకును తరచూ అడుగంటిస్తే పంపు త్వరగా పాడవుతుంది. కిరాణా కొట్లలో సీసాల్లో అమ్మే పెట్రోలులోని నలుసులు, నీరు కూడా దానికి శత్రువులే. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది, పంపు లాగేదీ ఆ అడుగు నుంచే. అయితే ఇదే ఇథనాల్ వల్ల మారే గాలి, ఇంధన నిష్పత్తిని ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండి ఒక హద్దు వరకు తనంతట తాను సరిచేసుకోగలదు, కార్బురేటర్‌కు ఆ వీలు లేదు. పాత పద్ధతే మేలన్న ఆ పాఠకుడు ఈ సంగతిని కూడా ఆలోచించాలని నా మనవి.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టారు. అక్కడ రోబోలు, విద్యుత్ వాహనాల గురించి నేర్పడం మంచిదే. దానితోపాటు, ఇప్పటికే షెడ్డు నడుపుకుంటూ కుటుంబాన్ని పోషించుకుంటున్న నలభై, యాభై ఏళ్ల మెకానిక్కుల కోసం వారానికి ఒక సాయంత్రం చొప్పున, మల్టీమీటరుతో సెన్సార్ పరీక్షించడం, కోడ్ చదవడం, పంపు పీడనం కొలవడం నేర్పే చిన్న కోర్సు పెట్టాలి. పదో తరగతి సర్టిఫికెట్ అడగకుండా చేర్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోని ఐటీఐలలో కూడా ఇదే అవసరం ఉంది. మా ఊరి మెకానిక్ ఆ రోజున ఏడు మెరుపుల లెక్కను సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద రాసుకున్నాడు. మిగతా కోడ్‌లు కూడా ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమని కనిపించినప్పుడల్లా నన్ను అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మధిర, ఖమ్మం జిల్లా.