నవంబరు వార్తాలేఖ: ముందు నీళ్లు, తర్వాతే తిట్లు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల పరీక్షల మార్కుల గురించి రాద్దామనుకున్నాను. అవి ప్రోగ్రెస్ కార్డులో ఎలాగూ చూస్తారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది.

దసరా సెలవుల తర్వాత ఒక పిల్లవాడు మూడు రోజులు కుంటుతూ బడికి వచ్చాడు. అడిగితే కబడ్డీలో పడ్డానన్నాడు. నాలుగో రోజు ప్రార్థనలో ఒళ్లు కాలిపోతూ కూలబడ్డాడు. పీఈటీ సారు ప్యాంటు పైకి మడవబోతే రాలేదు, బట్ట పుండుకు అంటుకుపోయింది. గోరువెచ్చని నీళ్లతో తడిపి తడిపి విడదీశాం. మోకాలి నుంచి పిక్క దాకా తోలు లేచిపోయి చీము పట్టింది, మధ్యలో నల్లగా కంకర నలుసులు. బాబాయి బండి అడగకుండా తీసుకుపోయాడట, మలుపులో ఇసుక మీద జారిందట. "ఇంట్ల చెప్తే నాయిన కొడ్తడు టీచర్" అన్నాడు.

వాళ్ల నాన్న వచ్చి ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబు ఇప్పుడు కోలుకుంటున్నాడు. పేరు, తరగతి లేకుండా ఈ సంగతి మీకు చెప్పమన్నది ఆ తండ్రే.

"ఏం కాలేదు, కొంచెం దోక్కుపోయింది" అని తేలిగ్గా అనేస్తాం. బండి మీద నుంచి జారిన ఒళ్లు రోడ్డు మీద కొబ్బరికోరు మీద పడ్డట్టే గీరుకుపోతుంది. పై పొర మాత్రమే పోతే వారం, రెండు వారాల్లో మానుతుంది. లోపలి పొర కూడా పోతే అది కాలిన గాయంతో సమానం, ఒక్కోసారి వేరే చోటి చర్మం తీసి అతికించాల్సి వస్తుంది. లోతు గాయంలో నరాల కొసలు కూడా పోతాయి కాబట్టి నొప్పి తక్కువగా ఉండొచ్చు. పిల్లవాడు నొప్పి లేదన్నాడని ఊరుకోకండి.

నా కుడి మోచేతి మీద నీలి నలుపు మచ్చలు చూసి పిల్లలు పచ్చబొట్టా అని అడుగుతుంటారు. పెళ్లైన కొత్తలో నర్సంపేట రోడ్డులో ఆరబోసిన మక్కల మీద మా బండి జారింది. దారిలో ఒక చోట కడగకుండానే మందు రాసి కట్టు కట్టారు. మట్టి లోపలే ఉండగా పైన కొత్త చర్మం వచ్చేసింది. ఇక అది దానంతటది పోదు.

అందుకే అడుగుతున్నాను. చేతులు సబ్బుతో కడుక్కుని, గాయం మీద నల్లా నీళ్లు కనీసం పది నిమిషాలు ధారగా పోయండి. పిల్లవాడు ఏడుస్తాడు, అయినా ఆపకండి. పైపై ఇసుకను తడి గుడ్డతో మెల్లగా తీయండి. లోపల దిగినదాన్ని డాక్టరుకు వదిలేయండి, వాళ్లు మత్తు మందు ఇచ్చి తీస్తారు. స్పిరిట్ పోస్తే కొత్తగా పుట్టే చర్మం కూడా చస్తుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం, టూత్‌పేస్ట్ వద్దు. మా అత్తమ్మ పసుపే అద్దేవారు, ప్రేమతోనే. కానీ ఆ పొడి గడ్డకట్టి గాయాన్ని కప్పేస్తుంది, ఆస్పత్రిలో మళ్లీ రుద్ది కడగాల్సి వస్తుంది. గాలికి వదిలేసి పొక్కు కట్టనివ్వడం కూడా పాత మాటే. తడి ఆరకుండా ఉన్న గాయమే తొందరగా మానుతుంది. ఆయింట్‌మెంటో వాజిలినో రాసి, పుండుకు అంటుకోని పారఫిన్ గాజ్ (వాజిలిన్ లాంటిది పట్టించిన పల్చటి జాలి గుడ్డ) వేసి, రోజూ మార్చండి. దూది నేరుగా పెట్టకండి.

ముఖం మీద, కీళ్ల మీద తగిలినా, అరచేతి కన్నా పెద్దదైనా, లోపల తెల్లగా కొవ్వు కనిపించినా, పది నిమిషాలు నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, దగ్గరి ఆస్పత్రికో వెళ్లండి. తలకు దెబ్బ తగిలి వాంతులైతే 108కి ఫోన్ చేయండి. ధనుర్వాతం టీకా సర్కారు పట్టికలో 10, 16 ఏళ్లకు ఉంది. మట్టి పడ్డ గాయమైతే, చివరి టీకా వేసి ఐదేళ్లు దాటితే, మళ్లీ వేయించాలి.

ఇప్పుడు వడ్ల కాలం. మీలో చాలామంది రైతులే, ఆరబోసేందుకు జాగా లేని మీ కష్టం నాకు తెలుసు. చీకటి పడేలోపు కనీసం రోడ్డు మీది రాళ్లైనా తీసేయండి. నల్ల టార్పాలిన్, దాని చుట్టూ రాళ్లు రాత్రి బండి వాళ్లకు కనిపించవు. ఆడపిల్లలు వెనక కూర్చుంటే చున్నీ చక్రంలో పడకుండా ముడి వేయించండి. నాలుగేళ్లు దాటిన పిల్లలందరికీ హెల్మెట్ చట్ట ప్రకారం తప్పనిసరి.

పద్దెనిమిది నిండని పిల్లలకు గేరు బండి ఇస్తే ఇచ్చినవాళ్లకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. సోమవారం నుంచి ఎవరైనా బండి మీద వస్తే తాళం గేటు దగ్గరే తీసుకుని మీకు ఫోన్ చేస్తాం.

ఈ వారం ఒక రోజు అందరూ అన్నం తినేటప్పుడు పిల్లలతో ఇంత మాత్రం అనండి: "ఎక్కడ పడ్డా, ఎట్ల పడ్డా, ముందు నాకు చెప్పు. కొట్టను."

వచ్చే శనివారం మీటింగుకు పిల్లల టీకా కార్డు తెచ్చుకోండి. కట్టు ఎలా కట్టాలో నర్సమ్మ వచ్చి చూపిస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ