టాటూ మీది ప్లాస్టర్ ఎప్పుడు తీయాలో చీటీ మీద రాసివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఏడాది ముంజేతి మీద టాటూ వేయించుకున్నాను. మూడు గంటలు పట్టింది. కొత్త సూది విప్పడం, గ్లవ్స్ మార్చడం అన్నీ నా కళ్ల ముందే చేశారు, ఆ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. పనంతా అయ్యాక దాని మీద పల్చటి, అవతలిది కనిపించే ప్లాస్టర్ ఒకటి అతికించి "కొన్నాళ్లయ్యాక తీసేయండి" అన్నారు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లు, ఎలా తీయాలి అని నేను అడిగేలోపే కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

తెల్లారి లేచి చూస్తే ప్లాస్టర్ కింద నల్లటి నీళ్లు. చెయ్యి తిప్పితే ఆ నీళ్లు ఒక మూల నుంచి ఇంకో మూలకి జారుతున్నాయి, అచ్చం జేబులో ఇంకు పెన్ను కారినట్టు. రంగంతా కారిపోతోందనుకున్నాను. టెన్షన్‌లో ఒక మూల గోటితో లేపి, చిన్నప్పుడు మోకాలి మీది పట్టీ పీకినట్టు ఒక్క గుంజు గుంజాను. వెంట్రుకలతో పాటు అంచు దగ్గర చర్మం పొర కూడా లేచొచ్చింది. టాటూ వేసేటప్పటి మంట దీని ముందు నథింగ్. చుట్టూ చదరంగా గీత గీసినట్టు ఎర్రగా వారం రోజులు ఉండిపోయింది.

డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ నవ్వి, ఆ నల్లనీళ్లు మామూలేనన్నారు. గాయం నుంచి ఊరే ద్రవం, కాస్త రక్తం, పై పొరలో మిగిలిపోయిన రంగు కలిస్తే అలాగే ఉంటుందట. అసలు రంగు కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, అది కారిపోదు. ఈ ఒక్క వాక్యం ఆ షాపులో ఎవరైనా చెప్పి ఉంటే నేను గోటితో గీకేదాన్నే కాదు.

తీసే పద్ధతి కూడా ఆవిడే చేసి చూపించారు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. స్నానం చేస్తూ గోరువెచ్చటి నీళ్లు దాని మీద కాసేపు పడనిచ్చి, ఒక అంచు మెల్లగా వదులు చేసి, పక్కనున్న చర్మాన్ని రెండో చేత్తో నొక్కి పట్టుకోవాలి. తర్వాత ప్లాస్టర్‌ని పైకి లాగకుండా చర్మం వెంబడే, రబ్బరు బ్యాండు సాగదీసినట్టు పక్కకి సాగదీయాలి. అలా సాగుతుంటే జిగురు దానంతటదే వదిలేస్తుంది. వెంట్రుకలు ఎటు వాలి ఉంటే అటే తీయాలి. ఎక్కడైనా మొండికేస్తే అంచు పక్కన కాస్త బేబీ ఆయిల్ రాసి ఆగాలి, అంతేగానీ బలం చూపించకూడదు. వచ్చేశాక వాసన లేని సబ్బుతో వేళ్లతోనే కడిగి, శుభ్రమైన టిష్యూతో అద్ది, బాగా ఆరాక పల్చగా మాయిశ్చరైజర్ రాయాలి. రుద్దే పని లేదు.

ఇక ఎప్పుడు తీయాలన్నదే అసలు గొడవ, ఎందుకంటే టాటూ మీద కప్పేవి రెండు రకాలు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెంటినీ 'ప్లాస్టిక్' అనే అంటారు. ఒకటి గిన్నెల మీద కప్పే మామూలు క్లింగ్ ఫిల్మ్. దానికి గాలాడదు, కొన్ని గంటల్లోనే తీసెయ్యాలి. రెండోది ఆసుపత్రుల్లో సెలైన్ సూది మీద అతికించే రకం. అది ఆవిరిని బయటికి పంపుతుంది, నీళ్లని లోపలికి రానివ్వదు. దీన్ని చాలాచోట్ల ఒక రోజుకి మార్చి, రెండోది ఇంకొన్ని రోజులు ఉంచమంటారు. నా ఫ్రెండ్‌కి వేసింది మొదటి రకం, వాడు ఎక్కడో చదివింది రెండో రకం గురించి, రెండు రోజులు అలాగే ఉంచేసుకున్నాడు. విప్పేసరికి చెమట కంపు, నిండా పొక్కులు.

ప్లాస్టరే దండగ అని నేననడం లేదు. తడి ఆరిపోకుండా కప్పి ఉంచిన గాయం త్వరగా మానుతుందని 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద ప్రయోగం చేసి చూపించాడు. వస్తువు మంచిదే, చెప్పేవాళ్లే లేరు. చెప్పిన టైము రాకముందే తీసెయ్యాల్సిన సందర్భాలు కూడా ఉంటాయి. అంచు లేచి నీళ్లు కారుతుంటే లోపలికి క్రిములు వెళ్లే దారి తెరుచుకున్నట్టే, దాన్ని మళ్లీ నొక్కి అతికిస్తే లాభం లేదు. ప్లాస్టర్ ఉన్నంత మేరా ఎర్రబడి దురద, చిన్న బొబ్బలు వస్తే ఆ జిగురు మీకు పడలేదన్నమాట. ఎరుపు చుట్టూ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆన్‌లైన్లో వెతుక్కుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించుకోవాలి.

"మేం నోటితో చెబుతాం కదా" అని టాటూ వేసేవాళ్లు అంటారు. నిజమే కావచ్చు. కానీ మూడు గంటలు పళ్లు బిగబట్టి కూర్చున్న మనిషికి లేవగానే చెప్పిన మాట ఎంత చెవికెక్కుతుంది? ఈ మధ్య ఇంకోచోట చిన్న టాటూ వేయించుకున్నప్పుడు నేనే పట్టుబట్టి అడిగితే బిల్లు వెనకాల రాసిచ్చారు: ఏ రకం ప్లాస్టర్, ఎన్నింటికి వేశారు, ఏ రోజు తీయాలి, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు.

టాటూ షాపులకి అనుమతులిచ్చే అధికారులు ఎక్కడున్నా ఆ చీటీని తప్పనిసరి చేయాలి. సూదులు, గ్లవ్స్ చూసే తనిఖీలోనే చీటీ ఇస్తున్నారా లేదా అని కూడా చూడొచ్చు. అంతవరకు మీ ఆరోగ్యం పేజీలో దీని గురించి చర్మ వైద్యులతో ఒకసారి రాయించండి, బొమ్మలతో సహా, ముఖ్యంగా పక్కకి సాగదీయడం ఎలాగో చూపించే బొమ్మ.

ఇట్లు,
ఒక పాఠకురాలు