తాడ్వాయి అడవిలో మళ్లీ మొక్కలు నాటే ముందు కోయ పెద్దలను అడగండి

గౌరవనీయులైన ములుగు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. కోయల దైవారాధనకూ, అడవి గురించి వారికున్న జ్ఞానానికీ గల సంబంధంపై పరిశోధన చేస్తున్న విద్యార్థిగా ఈ లేఖ రాస్తున్నాను.

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం అడవుల్లో వేలాది చెట్లు నేలకూలాయి. అక్కడ ఏయే మొక్కలు నాటాలన్నది కేవలం సాంకేతిక నిర్ణయం కాదని మనవి. మేడారం గద్దెలపై విగ్రహాలు ఉండవు. వెదురు, కుంకుమభరిణెల రూపంలోనే వనదేవతలు కొలువుదీరుతారు. వెదురు లేని అడవి ఆ పూజకే లోటు.

కొత్తల పండుగ చేసి వేల్పులకు సమర్పించేదాకా కొత్త మామిడికాయను ముట్టకూడదన్న కట్టుబాటు వల్ల కాయ ముదిరి, టెంక మొలకెత్తే శక్తిని పుంజుకుంటుంది. ఇప్పపువ్వునైతే కొమ్మ వంచి కోయరు. తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వునే ఏరి, గంపకెత్తుకుంటారు. ఇలాంటి కట్టుబాట్లను మూఢనమ్మకాలని కొట్టిపారేయడం నన్ను చాలా బాధిస్తుంది.

అటవీ హక్కుల చట్టం, 2006లోని 3(1)(కె) సెక్షన్ జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సముదాయానికే హక్కు ఇచ్చింది. కాబట్టి నాటే మొక్కల జాబితాను ముందుగా గ్రామసభల్లో వడ్డెలు (కోయ పూజారులు), మహిళల సమక్షంలో చర్చించి, ఇప్ప, తునికి, మద్ది, వెదురులకు చోటివ్వాలని, నావంటి పరిశోధకులు సేకరించే సమాచారపు ప్రతిని ఆయా గ్రామాలకు తప్పనిసరిగా అందజేసేలా ఆదేశించాలని కోరుతున్నాను.

భవదీయ,
ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్