నా ఫొటోకి దండ వెయ్యనందుకు

అందరికీ నమస్కారం. తొమ్మిది వారాల తర్వాత నిన్న మళ్లీ సెట్‌లో మొహానికి రంగేసుకున్నాను. ఫోన్లు, మెసేజీలు అన్నిటికీ విడివిడిగా జవాబివ్వడం నా వల్ల కావట్లేదు. అందుకే ఇలా ఒకేసారి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి. డైలాగు తక్కువిస్తే రచయితలతో పోట్లాడే మనిషిని, సొంతంగా రాసుకునేటప్పుడు తగ్గుతానా.

సీరియల్లో క్యారెక్టర్ ఆర్టిస్టు హఠాత్తుగా మంచాన పడితే కథవాళ్ల దగ్గర మూడే దారులుంటాయి. మొదటిది, ఆ పాత్రని అమెరికాలో కూతురి పురిటికో, కాశీయాత్రకో పంపించేయడం. రెండోది, వేరే ఆవిడని తెచ్చి కూర్చోబెట్టి, తెర కింద 'ఇకనుంచి ఈ పాత్రలో' అని ఓ లైను వేయడం. రెండు రోజులు జనం తిట్టుకుంటారు, మూడో రోజుకి అలవాటు పడిపోతారు. మూడోది ఫొటోకి దండ. ప్లాస్టిక్ దండ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల ట్రంకుపెట్టెలో ఎప్పుడూ ఉంటుంది. నా ఫొటోకి ఇప్పటికి రెండుసార్లు పడింది కూడా. అందులో ఒకసారి, అక్కడ కొడుకులు నా ఫొటో ముందు ఏడుస్తుంటే, పక్క బంగళాలో ఇంకో సీరియల్ కోసం నేను నగలు పెట్టుకుంటున్నాను.

ఈసారి నన్ను కాశీకి పంపలేదు, మార్చలేదు, చంపలేదు. ఈ పోస్టు అందుకు.

జరిగింది చెప్తాను. మణికొండలో మేం షూటింగ్ చేసే బంగళాలో మెట్లు దిగే సీను. చేతిలో హారతి పళ్లెం, ఒంటి మీద తొమ్మిది గజాల పట్టుచీర, కళ్లలో కోపం. కెమెరా కింద ఉంది. రెండో మెట్టు మీద కుచ్చిళ్లు కాలికి తగులుకున్నాయి. పళ్లెం ఒకవైపు, నేను ఒకవైపు. డైరెక్టర్ బాబు కట్ చెప్పలేదు. స్క్రిప్టు పేపర్లో లేకపోయినా అమ్మ భలే పడిందే అనుకున్నాడట. తర్వాత నా దగ్గర కూర్చుని ఆ మాట ఒప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నిజానికి నాకది పొగడ్తే బాబూ, ఇంకెప్పుడూ బాధపడకు.

అది నటన కాదని ముందు కనిపెట్టింది లైట్‌మన్ తమ్ముడు. మేకప్పులో ఉన్నా నా పెదాలు తెల్లబడ్డం లైటు వెనక నుంచి చూశాడట. వచ్చి నన్ను లేపబోయిన వాళ్లందర్నీ ఆపేశాడు. లైటు బౌన్స్ చేసే తెల్ల థర్మోకోల్ షీటుని మోకాలి మీద పెట్టి రెండు ముక్కలుగా విరిచాడు. నా కాలికి అటొకటి ఇటొకటి పెట్టి, కేబుళ్లకి వేసే నల్ల టేపుతో చుట్టేశాడు. అంతసేపూ 'కదపకమ్మా, కదపకమ్మా' అంటూనే ఉన్నాడు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఆ కట్టు చూసి ఎవరు కట్టారని అడిగాడు. బాగా కట్టారన్నాడు. తమ్ముడూ, నీ పేరు రాయొద్దన్నావు, రాయట్లేదు. నువ్వు విరిచిన షీటు ఖరీదు నీ బేటాలో, అంటే రోజుభత్యంలో, కోస్తారేమోనని భయపడ్డావట కదా. మేనేజర్‌గారితో మాట్లాడాను, కొయ్యలేదు.

చీలమండ దగ్గర రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆరు వారాలు ఆ పాదం నేల మీద ఆనించకూడదన్నారు.

ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లే ముందు ఇద్దరు నర్సమ్మలు నా అలంకారం విప్పడానికి కూర్చున్నారు. రోల్డుగోల్డు హారాలు, వడ్డాణం, సవరం, అది నిలబడ్డానికి గుచ్చిన స్లైడ్లు. చీరకి పెట్టిన పిన్నులే ఇరవై మూడు. ఒక్కొక్కటీ స్టీలు గిన్నెలో వేస్తూ చిన్నమ్మాయి నా మొహం వంకే చూస్తోంది. మేకప్ సగం తుడిచాక గుర్తుపట్టేసింది. 'మెట్ల మీద నూనె పోసింది మీరే కదండీ' అంది.

అవును, నేనే. రెండు వారాల కిందటి ఎపిసోడ్లో గర్భిణి కోడలు దిగే మెట్ల మీద నూనె పోశాను. నవ్వాలో మూలగాలో తెలియలేదు. 'దేవుడున్నాడండీ' అనేసి, మళ్లీ తనే నాలిక్కరుచుకుని నా చెయ్యి పట్టుకుంది. మత్తు ఎక్కేదాకా వదల్లేదు. ఆ అమ్మాయికి కూడా నమస్కారం.

గయ్యాళి వేషాలు వేసేవాళ్లకి ఇది కొత్త కాదు. సూర్యకాంతంగారి పేరు ఆడపిల్లకి పెట్టుకోడానికే జనం జంకారు. ఆవిడ సెట్‌కి ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి తినిపించేవారని పాతవాళ్లంతా చెప్తారు. ఆవిడకి హీరోయిన్ వేషం దొరికినట్టే దొరికి, కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగలడంతో చేజారిందంటారు. ఆ తర్వాత 1950లో 'సంసారం' వచ్చింది, తెలుగువాళ్లకి అత్తగారు దొరికింది. ఆస్పత్రి మంచం మీద ఈ సంగతి ఎన్నిసార్లు తల్చుకున్నానో. ఆవిడతో నాకు పోలికేంటి, ఆ ఎడంచేతి విసురులో చిటికెడు కూడా నా దగ్గర లేదు. తల్చుకోడానికి మాత్రం డబ్బులక్కర్లేదు కదా.

నా సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మాది తెనాలి దగ్గర. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన ఊరు తెనాలి, అక్కడి గాలి పీల్చినవాళ్లకి నాటకం పిచ్చి పట్టకుండా ఉండదు. నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నేను పదహారో ఏట పరిషత్తు నాటికల్లోకి, అంటే నాటక పోటీల్లోకి, వచ్చాను. అప్పట్లో నాటక సమాజాలు ఎక్కువ, ఆడ ఆర్టిస్టులు తక్కువ. ఒకే పరిషత్తులో మూడు సమాజాలకి మూడు నాటికలు వేసిన రోజులున్నాయి. సాయంత్రం ఒకరికి విధవ చెల్లెలు, రాత్రి ఇంకొకరికి లంచగొండి భార్య, తెల్లవారుజామున మూడోవాళ్లకి తల్లి. రిహార్సల్ బస్సులోనే. విజయవాడ ఆకాశవాణిలో రేడియో నాటకాలు చేశాను. గొంతు ఎక్కడ ఆపాలో నేర్పింది ఆ మైకే.

1993లో హైదరాబాద్ వచ్చాను. రామంతాపూర్ దూరదర్శన్‌లో పదమూడు వారాల సీరియళ్ల కాలం అది. వారానికొక ఎపిసోడ్, తాపీగా తీసేవాళ్లు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. తర్వాత డైలీ సీరియళ్లు మొదలయ్యాక మా బతుకులే మారిపోయాయి. సినిమాలో మూడు సీన్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు నెలకి పది, పదిహేను రోజుల పని దొరికింది. ఇల్లు గడిచింది, పిల్లల చదువులు నడిచాయి. ఈ సీరియళ్లని వెక్కిరించేవాళ్లు చాలామంది. కొన్నిటికి నేనూ నవ్వుకుంటాను. ఒక చెంపదెబ్బకి పదకొండు మొహాల రియాక్షన్లు ఎందుకని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. కానీ యాభై దాటిన ఆడదానికి రోజూ డైలాగులిచ్చి మాట్లాడించేది ఇంకెక్కడా నాకు కనపడలేదు.

అయితే ఇది రోజుకూలీ. వెళ్లిన రోజుకే డబ్బు, అదీ చెక్కు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చీరలు మావి, నగలు మావి. సిక్ లీవు లేదు, పీఎఫ్ లేదు. 2020 మార్చిలో షూటింగులు ఆగి జూన్‌లో మళ్లీ మొదలయ్యేదాకా ఎలా బతికామో యూసఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఒక పాత సంస్థ నాకు నలభై రోజుల డబ్బు ఇవ్వాలి, ఆరేళ్లయింది. పేరు చెప్పను, చెప్తే వస్తుందన్న ఆశా లేదు. అందుకే ఆపరేషన్ అనగానే నాకు కాలు గుర్తు రాలేదు, చెక్కులు గుర్తొచ్చాయి.

అప్పుడు ఏం జరిగిందంటే, మా సెట్‌లో ఆడవాళ్లం పన్నెండు మందిమి చీటీ వేస్తాం. ఆ నెల పాట మేకప్ చెల్లెలు పాడుకుంది, కూతురి కాలేజీ ఫీజు కోసం. ఆ డబ్బు కవర్లో పెట్టి తెచ్చి నా తలగడ కింద పెట్టేసింది. నేను తిట్టాను. 'ఫీజుకి ఇంకా పదిహేను రోజులు టైముందక్కా, నీ ఆపరేషన్‌కి లేదు' అంది. ఆ మాట చదివి ఎంతమంది ఏడుస్తారో తెలియదు, నేను మాత్రం రాస్తూ ఏడుస్తున్నాను. మేనేజర్‌గారు ఆఫీసులో కూర్చుని, నాకు రావాల్సిన రెండు నెలల చెక్కులూ నాలుగో రోజుకల్లా ఇప్పించారు, చెల్లెలి ఫీజు గడువులోపే కట్టేశాం. తోటి ఆర్టిస్టులు వాట్సాప్‌లో చందాలు పోగేసి పంపారు. ఎవరెంతిచ్చారో నాకు చెప్పకూడదని మాటనుకున్నారట. సరే, చెప్పొద్దు. ఎవరెవరు ఫోన్లో నా మాటకి అడ్డు తగిలి టాపిక్ మార్చారో, దాన్నిబట్టి నాకు తెలిసిపోయింది.

ఇక కథ. చేతిలో ఎపిసోడ్లు నాలుగే ఉన్నాయి. ఐదో రోజు నుంచి నేనుండాలి, లేకపోతే ఏదో ఒకటి చెయ్యాలి. ఛానల్లో మీటింగ్ జరిగింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదనుకోకండి, సెట్‌లో గోడలకి చెవులే కాదు, నోళ్లు కూడా ఉంటాయి. మూడోరోజు సాయంత్రం రచయిత బాబు వచ్చాడు, చేతిలో నోటు పుస్తకం. 'అమ్మా, మీరేం చెయ్యగలరు? కూర్చోగలరా?'

'కూర్చోగలను.'

'ఎంతసేపు?'

'నీ డైలాగులు బాగుంటే ఎంతసేపైనా. నాకు కాలు విరిగిందిగానీ నోరు కాదుగా.'

పుస్తకం మూసేసి నవ్వాడు. ఆ రాత్రే రాసుకొచ్చాడు. నూనె పోసిన అత్త తన నూనె మీద తనే జారి పడుతుంది. అసలు కథలో ఆ నూనె తుడిచేసి ఉన్నారు, రెండు వారాల తర్వాత మళ్లీ ఎక్కణ్ణించి వచ్చిందని అడక్కండి. నేనూ అడగలేదు. పడ్డ షాటు ఎలాగూ కెమెరాలో ఉంది, అదే వాడారు. మీరంతా చూసి 'సహజంగా ఉంది' అన్నది అదే. సహజంగా ఉండక చస్తుందా.

పద్నాలుగో రోజున మా ఇంటికే వచ్చారు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కెమెరా, రెండు లైట్లు, ఆరుగురు మనుషులు. బంగళాలోని కర్టెన్ తెచ్చి నా మంచం వెనక కట్టారు. నడుము పైన చీరా జాకెట్టూ మారుస్తూ, కింద నైటీతోనే, పంతొమ్మిది ఫోన్ సీన్లు చేశాను. ప్రాంప్టింగ్ ఇచ్చే అసిస్టెంటు కుర్రాడికి చోటు లేక మంచం కింద దూరి చదివాడు. మధ్యలో కింద నుంచి తుమ్ము వచ్చింది, నాకు నవ్వాగలేదు. మళ్లీ మొదటి నుంచి చేశాం.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు టెలికాస్టయిన మూడు ఎపిసోడ్లకి నా డబ్బింగ్ మిగిలిపోయింది. ఇరవై ఏళ్లుగా ఎందరో హీరోయిన్లకి గొంతిచ్చిన నా స్నేహితురాలు ఆ డబ్బింగ్ చెప్పింది. వార్డులో టీవీ ముందు కూర్చుని చూశాను, నా నోటికి దాని గొంతు. మాటకి ముందు నేను ముక్కుతో చిన్నగా గాలి పీలుస్తానట, అదీ వదల్లేదు. పక్క మంచం ఆవిడకి తేడా తెలియనే లేదు. డబ్బు తీసుకోమంటే 'నీ నోరు మూడు రోజులు అద్దెకి తీసుకున్నా, అద్దె నేనే ఇవ్వాలి' అంది. దానితో మాటల్లో గెలవలేను.

మా కోడలి గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. బెంగళూరు పిల్ల, తెరమీద నేను రోజూ ఏడిపించే పిల్ల. షూటింగ్ అయ్యాక మేకప్‌తోనే ఇంటికొచ్చేసి నా తల దువ్వేది. నొప్పి అనే మాట దానికి అప్పటికింకా రాలేదు. 'నోవు తగ్గిందా అత్తమ్మా' అని కన్నడం కలిపి అడిగేది. ఇప్పుడు మా ఇంట్లో అందరం నోవు అనే అంటున్నాం.

ప్రేక్షకులకి కూడా నమస్కారం. 'పాపం పండిందిలే, అంతటితో వదిలెయ్యండి, చంపొద్దు' అని ఒక పెద్దాయన ఛానల్‌కి ఫోన్ చేశారట. అయ్యా, మీరెవరో తెలియదు. ఆ ఫోను సంగతి మీటింగులో ఎవరో చెప్పారని నాకు గట్టి అనుమానం.

నిన్న సెట్‌కి వెళ్లేసరికి మెట్లన్నిటికీ అంచున పసుపు టేపు అంటించి ఉంది. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచాను. ఆ కర్ర పాత్రకి కూడా వచ్చేసింది, దాంతో ఎవర్ని కొడతానో త్వరలో చూస్తారు. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు పక్కకి పిలిచి, పాత చీరలో చుట్టిన పెద్ద ఫ్రేమ్ ఒకటి చేతిలో పెట్టాడు. నా ఫొటోయే. పడ్డ మర్నాడే, మీటింగ్ ఎటు తేలుతుందో తెలియక, ముందు జాగ్రత్తగా ఎన్‌లార్జ్ చేయించి పెట్టుకున్నారట. తల దించుకుని 'సారీ అమ్మా' అన్నాడు. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, ఇన్నేళ్లలో నాకలాంటిది ఎవరూ తీయలేదు. ఇంటికి తెచ్చేసుకున్నాను. దండ అడిగితే ఇవ్వలేదు. వచ్చే వారం మా వియ్యంకుడికి కావాలట.