సినిమా హాల్లో చెప్పులు విప్పమని పక్క మనిషిని బలవంతం చెయ్యొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మహావతార్ నరసింహ సినిమాకి జనం చెప్పులు విప్పి కూర్చోడం, హాల్లో లేచి దండాలు పెట్టడం గురించి మా కందుకూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద వాదనే నడిచింది, అది సినిమా హాలా గుడా అని ఒకరు, సామి కనపడతా ఉంటే చెప్పులేసుకోని కూర్చుంటారా అని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ నాకు నచ్చనిది ఉంది, అందుకే రాస్తన్నా. ఆ హాల్లో మాయత్తతో పాటు నేనూ కూర్చున్నా, ఆ తర్వాత జరిగింది కూడా మేమే పడినాం.

సినిమా 2025 జులై 25 శుక్రవారం వచ్చింది, శ్రావణమాసం మొదలైంది కూడా ఆ రోజే. హీరో లేడు, అంతా బొమ్మల సినిమా, మొదట్లో మా పక్క ఎవురూ పెద్దగా పట్టించుకోలా. చూసినోళ్ళు చెప్పుకోని చెప్పుకోనే షోలు పెరిగినాయి. నేను ఇంట్లో జాకెట్లు కుడతా, శ్రావణంలో మాకు ఊపిరాడదు, అయినా మాయత్త నాలుగు రోజులు అడగతానే ఉంటే ఆగస్టు 3 ఆదివారం మిషన్ మీద గుడ్డ కప్పేసి, ఇద్దరు పిల్లల్ని తీసుకోని మ్యాట్నీకి పోయినాం.

మా ప్రాంతంలో ఈ సామి అంటే ఎట్టా ఉంటదో తెలీనోళ్ళకి ఆ హాల్లో జరిగింది అర్థం కాదు. మాకు మాలకొండ ఉంది, ఆ గుడి శనివారం ఒక్క రోజే తీస్తారు, మిగతా ఆరు రోజులూ దేవతలూ రుషులూ పూజ చేసుకుంటారని పెద్దోళ్ళు చెప్తారు. సింగరాయకొండలో వరాహ నరసింహుడు, నెల్లూరు పక్కన నరసింహకొండ, రాపూరు అవతల అడవిలో పెంచలకోన. మా వీధిలో మాలకొండయ్యా అని పిలిస్తే ముగ్గురు పలుకుతారు, మాల్యాద్రులు ఇద్దరు, పెంచలయ్యలు ఎంతమందో లెక్కే లేదు. వేరే జిల్లాల్లో ఈ పేర్లు చెప్తే ఇదేం పేరని అడుగుతారు, మాకు ఇంటి సామి పేరు అది. అట్టాంటోళ్ళు హాలు నిండా కూర్చోని ఉంటే తెర మీద స్తంభం పగిలింది.

సినిమాలో మొదట వరాహావతారమే వస్తది, భూమిని కోర మీద ఎత్తుకోని నీళ్ళలో నుంచి పైకి వచ్చే చోటే మాయత్త మన సింగరాయకొండ సామే అని నా చెయ్యి పట్టుకుంది. ఇంక ఆ స్తంభం దగ్గర, నిజం చెప్తున్నా, అంత మంది జనంలో ఒక్క చప్పుడు లేదు. చిప్స్ కవరు శబ్దం కూడా ఆగిపోయింది. మా ముందు వరసలో ఒక పెద్దాయన పోతన గారి పద్యం మెల్లగా చదవడం మొదలుపెట్టినాడు, వెనకనించి ఇంకెవరో అందుకున్నారు. సామి జూలు అంతా బంగారం రంగు, కళ్ళు నిప్పుల్లా, ఆ గర్జన మన రొమ్ములో మోగినట్టు ఉంటది. మా ఎనిమిదేళ్ళ వాడు నా కొంగు కప్పుకోని సందులోనించి చూసినాడు. సందేళ గడప మీద కూర్చోవద్దురా అని మాయత్త రోజూ అరిచేది, వాడు వినేవాడు కాదు, సామి ఆ రాక్షసుణ్ణి గడప మీదకి లాక్కెళ్ళి ఒళ్ళో పెట్టుకున్నాక ఇంటికొచ్చి వాడే వాళ్ళ చెల్లెల్ని లేపతన్నాడు, సందేళయింది లెయ్యి అని.

కాలేజీ పిల్లలు కొందరు వీడియో గేమ్ లాగుంది అన్నారు. ఫస్టాఫ్‌లో కొన్ని చోట్ల నాకూ అట్టానే అనిపించింది, పక్కన నిలబడిన మనుషుల మొహాలు బిగుసుకోని ఉన్నాయి, నడక కూడా బొమ్మ నడకే. మాయత్తకి ఇంకో లోటు, ఆమె 1967లో వచ్చిన భక్త ప్రహ్లాదని పదేళ్ళ పిల్లప్పుడు టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద చూసింది, ఆమెకి హిరణ్యకశిపుడంటే ఎస్వీ రంగారావు గారే, ప్రహ్లాదుడంటే రోజారమణి గారే. ఆ కంఠం యాడినించి వస్తదమ్మా అంటది. ఇవన్నీ చెప్పుకోవాల్సిన మాటలే, సినిమా బాలేదన్న మనిషి సామిని తిట్టినట్టు కాదు, గ్రూపుల్లో ఆ పిల్లల మీద పడి అరిచినోళ్ళు ఇది తెలుసుకోవాలి.

సినిమా అయిపోయి లైట్లు వేసినా మాయత్త లేవలా. చెంచులక్ష్మి రాలేదేందే అంది. ప్రహ్లాదుడి స్తోత్రంతో సామి శాంతించాడని భాగవతం, సినిమా కూడా అదే దారిలో పోయింది. మా పక్క కత అక్కడ ఆగదు గదా, ఆ కోపంతోనే అడవులు పట్టి తిరిగి తిరిగి, చెంచుల ఆడబిడ్డని చూసి చల్లబడి, ఆమెతో పెనవేసుకోని శిలైనాడు, అదే పెనుశిల, అదే పెంచలకోన. అలిగిన ఆదిలక్ష్మమ్మ గుడి అక్కడ ఏటికి అవతల వేరేగా ఉంది. పక్క సీట్లో ఆమె కూడా అవునమ్మా చెంచులక్ష్మి లేదు అంది. తీసినోళ్ళని తప్పు పట్టడంలా, వాళ్ళు దేశమంతటి కోసం తీసినారు, మా వాళ్ళు మాత్రం మా కతకోసం చివరిదాకా ఎదురుచూసినారు.

దీన్ని కొత్త పిచ్చి అనేవాళ్ళకి ఒకటి చెప్పాలి. మా మామ ఉన్నప్పుడు చెప్పేవాడు, వీధి నాటకంలో నరసింహుడి వేషం కట్టినాయనకి పూనకం వస్తే నలుగురు పట్టుకునేవాళ్ళంట, ఆడోళ్ళు హారతి పళ్ళెం తెచ్చి ఆయనకే ఇచ్చేవాళ్ళంట. వేషానికే హారతి ఇచ్చిన ఊళ్ళలో తెర మీద సామికి దండం పెడితే వింతేముంది?

ఇప్పుడు అసలు బాధ. మాయత్తకి పన్నెండేళ్ళుగా షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది, ఏది గుచ్చుకున్నా తెలీదు, డాక్టరు ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగొద్దని ఎంసీఆర్ చెప్పులు, అంటే షుగరోళ్ళకి మెత్తటి రబ్బరుతో చేసేవి, రాసిచ్చినాడు. హాలు తలుపు దగ్గర నలుగురు కుర్రోళ్ళు నిలబడి వచ్చినోళ్ళందరినీ చెప్పులు బయట విప్పమంటన్నారు. నేను షుగరు పేషెంటు నాయనా అని మాయత్త చెప్పినా, ఒకడు దేవుడి కాడికి వచ్చి ఏం కాదులేమ్మా ఇప్పండి అన్నాడు, వెనకనించి ఇంకొకడు ముసలామెకే భక్తి లేకపోతే ఎట్టా అన్నాడు. ఆ మాటకి మాయత్త మొహం మాడిపోయింది, నేను వద్దన్నా వినకుండా విప్పేసింది. లోపల ముందు షో చెత్త అట్టానే ఉంది, పాప్‌కార్న్, ఒలికిన కూల్ డ్రింకు, కాళ్ళు అతుక్కుంటన్నాయి. ఇంటికొచ్చినాక గచ్చు మీద నెత్తురు మరకలు చూసి నేనే కాలెత్తి చూస్తే మడమ పక్కన సీసా మూత అంచు కోసుకోని ఉంది, ఆమెకి తెలీనే తెలీదు. రోజు మార్చి రోజు డ్రెస్సింగు, మానేసరికి నెల పట్టింది. శ్రావణ శనివారాలకి ఏటా మాలకొండ పోయే మనిషి ఈసారి మంచం మీద కూర్చోని పక్కింటోళ్ళు తెచ్చిన ప్రసాదం తినింది.

ఆ కుర్రోళ్ళు చెడ్డోళ్ళని నేను అనను. వాళ్ళు విప్పుకుంటే వాళ్ళిష్టం, నేనూ విప్పినా. అయితే ఇంకొకరి భక్తిని చెప్పులు చూసి కొలిచే హక్కు వాళ్ళకి ఎవరిచ్చారు? అదే కుర్రోళ్ళు స్తంభం పగిలేటప్పుడు ఫోన్లెత్తి వీడియో తీస్తన్నారు, ఆ వెలుతురంతా మా కళ్ళల్లోనే, వెనకాల పెద్దోళ్ళకి సామి మొహం సగమే కనపడింది.

తీసిన అశ్విన్ కుమార్ గారి టీమ్ ఈ అవతారాల వరసలో మొత్తం ఏడు సినిమాలు 2037 దాకా వస్తాయని ప్రకటించినారు, తర్వాతది పరశురాముడిది. అంటే మళ్ళీ ఇట్టానే జనం వస్తారు, పెద్దోళ్ళూ వస్తారు. హాళ్ళ వాళ్ళకి మీ పేపరు ద్వారా నా విన్నపం, షోకి షోకి మధ్య ఒక్కసారి చీపురు పట్టించండి, తలుపు దగ్గర మీ మనిషినే ఒకర్ని నిలబెట్టండి, ఎవర్నీ ఎవరూ చెప్పులు విప్పమని అడగకుండా చూడండి.

మాయత్త కాలు మానినాక భాద్రపదంలో ఒక శనివారం మాలకొండ పోయొచ్చినాం. గుడి మెట్ల దగ్గర దాకా చెప్పులతోనే నడిపించి, అక్కడ విప్పి కవర్లో వేసుకోని నేనే పట్టుకున్నా. దర్శనం చేసుకోని బయటకి రాగానే అరుగు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ తుడిచి చూసి, మళ్ళీ తొడిగినా.

ఇట్లు,
ఓ పాఠకురాలు,
కందుకూరు