గుండె రోగి పాత క్రియాటినిన్ ఎవరి దగ్గర ఉంది?

సంపాదకుల వారికి,

పోయిన కార్తీకంలో మా బావగారికి గుండెపోటు వచ్చింది. బరంపురం నుంచి రాత్రికి రాత్రే విశాఖకు తీసుకెళ్లాం. రెండు స్టెంట్లు వేసి ప్రాణం నిలబెట్టారు. ఆ డాక్టర్లకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. నేను రాస్తున్నది ఆ తర్వాత ఆయన కిడ్నీలకు జరిగిన దాని గురించి.

ఐసీయూలోకి పూటకు పది నిమిషాలే వదిలేవారు. సాయంత్రం అయిదింటికి మంచానికి వేలాడే మూత్రం సంచిలో నూరు గీత దగ్గర ఉంది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి వెళ్తే రెండు వందల గీత దాటలేదు. మధ్యలో సంచి ఖాళీ చేయలేదని సిస్టరే చెప్పింది. చార్టులో మాత్రం "యూరిన్ ఓకే" అని ఉంది. బావగారు అరవై కిలోల మనిషి. కిలోకు గంటకు అర మిల్లీలీటరు చొప్పున అయినా మూత్రం రావాలి, ఆరు గంటల పాటు అంతకంటే తగ్గితే కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. ఈ కొలత 2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్నదే. ఆ లెక్కన పదిహేను గంటల్లో 450 రావాలి. వచ్చింది నూరు.

మూడో రోజు రక్త పరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది. ఇది కిడ్నీలు వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. "ఇంతకు ముందు ఎంత ఉండేదమ్మా?" అని డాక్టరు గారు మా అక్కని, అంటే బావగారి భార్యని, అడిగారు. ఆవిడ నా మొహం చూసింది. నాకూ తెలియదు. ఇంటికొచ్చాక బీరువాలో పట్టుచీరల అడుగున, ఏడాది కిందటి షుగరు పరీక్ష కాగితంలో దొరికింది: 0.9.

క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ రక్తంలో పైకి రాదు. పైగా అది ఎంత ఉందన్నదొక్కటే చాలదు, ఎంత మారిందన్నది చూడాలి. రెండు రోజుల్లో 0.3 పెరిగినా అది కిడ్నీ గాయమే. పాత నంబరు లేకపోతే 1.3 చూసి "కొంచెం ఎక్కువే, పర్లేదు" అనుకుంటారు.

ఇటలీలోని విచెంజా నగరపు కిడ్నీ వైద్యుడు క్లాడియో రోంకో, ఆయన సహచరులు 2008లో గుండె, కిడ్నీ ఒకదాన్నొకటి ఎలా లాగేస్తాయో అయిదు రకాలుగా విడదీసి చూపించారు. మొదటి రకమే మా బావగారిది. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే పోతుంది. గుండె ఒక్కసారిగా నీరసిస్తే ఒకపక్క ఆ రక్తం తగ్గుతుంది, ఇంకోపక్క సిరల్లో నెత్తురు నిలిచిపోయి కిడ్నీ మీద ఒత్తిడి పడుతుంది. జర్మనీలోని మ్యూన్‌స్టర్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం చూడండి. గుండె ఆపరేషన్ అయినవాళ్లలో, కిడ్నీకి ప్రమాదం ఉందని ముందే తేలిన 276 మందిని తీసుకున్నారు. బీపీ, నీళ్ల మోతాదు, షుగరు జాగ్రత్తగా చూసి, కిడ్నీకి పడని మందులు ఆపితే గాయం 71.7 శాతం నుంచి 55.1 శాతానికి తగ్గింది. కొత్త మందంటూ ఏదీ లేదు. కనిపెట్టుకుని ఉండటమే.

డిశ్చార్జి కాగితంలో 1.9 అని ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. బావగారు మోకాళ్ల నొప్పికి మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని వేసుకున్నారు. పదకొండో రోజు లేచేసరికి మొహం, పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ బిళ్లలు కిడ్నీని తింటాయని మాకు తెలిసుంటే వేసుకోనిచ్చేవాళ్లమా!

ఇచ్ఛాపురం దాటితే కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం. అక్కడితో మా అందరికీ వియ్యాలున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, సంతోషం. అయితే అక్కడి జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా తినేది. ఐసీయూలో రెండు రోజుల్లో తగిలే దెబ్బ వేరు, ముందే కిడ్నీలు బలహీనపడ్డ వాళ్లకు ఆ దెబ్బ ఇంకా సులువుగా తగులుతుంది.

సరిహద్దులో ఉన్న మాకు ఇంకో చిక్కు ఉంది. షుగరు పరీక్ష బరంపురంలో, స్టెంటు విశాఖలో, తర్వాత చూపించుకునేది మళ్లీ ఇక్కడ. కాగితాలు మాత్రం మనిషితో రావు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ఆరోగ్య అధికారులను నేను కోరేది ఇదీ: బీపీ, షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష ఉచితంగా చేసి ఆ నంబరు వాళ్ల కార్డు మీద రాయాలి. ఐసీయూలో కిడ్నీకి దెబ్బ తగిలినవాళ్లను మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలని నిపుణుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. దాన్ని మా ఆరోగ్య కేంద్రాల్లో తప్పనిసరి చేయాలి. 1962 నుంచి దక్షిణ ఒడిశాకు పెద్ద దిక్కైన మా ఎంకేసీజీ వైద్య కళాశాల ఇందుకు ముందుకొస్తే మిగతావాళ్లు అనుసరిస్తారు. ఇటు ఒడిశా, అటు ఆంధ్ర ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం మీద "నొప్పి బిళ్లలు వాడవద్దు, ఫలానా తేదీన క్రియాటినిన్ చూపించుకోండి" అన్న రెండు ముక్కలు తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. మా అక్కకు ఇంగ్లీషు చదవడం రాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా